గగారిన్ తొడిగిన కవచము

యూరీ గగారిన్ 1934వ సంవత్సరము మార్చి 9వ తేదీన రష్యాలోని క్లూషినో గ్రామమున జన్మించెను. తండ్రి వడ్రంగి. తల్లి పాడిశాలలో పని చేయుచుండెను. యుద్ధకాలమున జర్మను సైనికులు వారి యిల్లు లాగుకొనగా, ఆ కుటుంబము నేలలో గుంత త్రవ్వుకొని అందు తలదాచుకొనెను. పిమ్మట ఆ బాలుడు పోతపని నేర్చి, సరాతోవ్ నగరమందలి వృత్తివిద్యాశాలలో చదువుచునే విమానము నడపుట అభ్యసించెను. 1960లో రోదసియాత్రకు ఎన్నుకొనబడిన ఇరువదిమందిలో అతడొకడు.

బాలలారా! భూమికి సుమారు 19 కిలోమీటర్ల పైన గాలి యెంత పలుచన యనగా, మన శరీరపు వేడిమికే నీరు మరగును. రోదసిలో ఆ పలుచని గాలియు లేదు. నౌకకు చిల్లి పడినచో లోనివాడు కొన్ని క్షణములలోనే స్పృహ తప్పును. అందుచేత ఎస్.కె.-1 అను 20 కిలోల దుస్తును సిద్ధపరచిరి. మన గద్వాల చీరలో నూలు నూలే, పట్టంచు పట్టంచే. రెండును కలిసియే చీర. ఇందును అంతే. రబ్బరుపొర గాలిని బయటికి పోనీయదు. దానిపై గట్టిబట్ట ఆ రబ్బరును బుడగవలె ఉబ్బనీయదు. అన్నిటిపైన నారింజరంగు తొడుగు, వెదకువారికి దూరమునుండి కనబడుటకు. 1971లో సోయజ్-11 నౌకలో ముగ్గురు యాత్రికులు ఇట్టి దుస్తులు లేకయే తిరిగివచ్చుచు, నౌకలోని గాలి వెడలిపోగా మరణించిరి.

1961 ఏప్రిల్ 12న గగారిన్ వోస్తోక్ నౌకలో భూమిని చుట్టివచ్చెను. యాత్రకు పట్టినది 108 నిమిషములు. నౌక నేలను తాకునప్పటి అదురును మనుష్యుడు తాళలేడు. కావున ఏడు కిలోమీటర్ల యెత్తున కుర్చీతో సహా వెలువడి, పారాచూట్‌తో దిగవలెను. చిక్కంతయు అప్పుడే వచ్చినది. బయటిగాలి పీల్చుటకు తెరువవలసిన కవాటపు త్రాడు నారింజ తొడుగు క్రింద ఇరుకుకొనెను. శిరస్త్రాణము బిగించియున్నది. సుమారు ఆరు నిమిషములు తడవులాడెను. రక్షించుటకు కుట్టిన దుస్తే ఊపిరికి అడ్డమైనది! అతడు తొందరపడక తొడుగు విప్పి, అద్దములో చూచుచు త్రాడును వెలికి లాగి కవాటమును తెరచెను.

పొలములో పని చేయుచున్న ఒక వృద్ధురాలును, ఆమె మనుమరాలును ఆ వింత రూపమును చూచి బెదరిరి. తానును వారి దేశస్థుడనే యని చెప్పి అతడు వారికి ధైర్యము కలిగించెను.

ఆ సంవత్సరాంతముననే అతడు భారతదేశమునకు వచ్చి, మన హైదరాబాదు నగరమును గూడ దర్శించెను. 1968 మార్చి 27న శిక్షణ విమానము కూలి, ముప్పదినాలుగేండ్ల వయస్సున మరణించెను. అతడు చిన్ననాడు చదువుకొనిన గ్జాత్స్క్ పట్టణమునకు ఆ యేడే గగారిన్ అని పేరు పెట్టిరి.