చమురు కోసం కూలిన ప్రభుత్వం

మా అన్నవరానికి కాకినాడ రేవు ఎంతో దూరం కాదు. 1942 ఏప్రిల్ 6న ఆ రేవు మీద, విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఎక్కడి జపాన్, ఎక్కడి గోదావరి తీరం! అంతకు ముందు ఏడాది అమెరికా చమురు అమ్మడం ఆపివేయడంతో జపాన్ సుమత్రా, బోర్నియో దీవుల చమురు బావులపై కన్ను వేసింది. ఆ యుద్ధానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ చమురును పక్కన పెడితే ఆ కథ అర్థం కాదు.

చమురు కోసం దేశాలు నిజంగా యుద్ధాలు చేస్తాయా, పరాయి ప్రభుత్వాలను కూలదోస్తాయా? గల్ఫ్‌లో బిడ్డలున్న కుటుంబాలకు ఇది దూరపు ప్రశ్న కాదు. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఎందరో తెలుగువారు కట్టుబట్టలతో ఇల్లు చేరారు. ఈ ప్రశ్నకు జవాబుగా ఈ వారం ఒక మనిషి జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన ఇరాన్ ప్రధాని డాక్టర్ ముహమ్మద్ ముసద్దిఖ్.

ఆయన 1882లో ఉన్నత కుటుంబంలో జన్మించారు. తండ్రి ఖజానా శాఖలో పెద్ద అధికారి, తల్లి రాజవంశీకురాలు. తస్దీఖ్ అనే మాట మన ఇళ్ళలో తెలిసిందే. దాని నుంచి వచ్చిన ముసద్దిఖ్ అనే బిరుదు ఆయనకు చిన్ననాడే షా దర్బారు నుంచి లభించి, పేరుగా స్థిరపడింది. ఆయన పారిస్‌లో చదివి, 1914లో స్విట్జర్లాండ్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1925లో రెజా ఖాన్ సింహాసనం ఎక్కబోతుంటే, మజ్లిస్‌లో లేచి వ్యతిరేకించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అందుకు తరువాత జైలునూ చూశారు.

ఇరాన్‌లో 1908లో చమురు పడింది. 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే ఆ చమురు కంపెనీలో అధిక వాటా కొన్నది. దాని యుద్ధనౌకలు బొగ్గు వదిలి చమురుకు మారుతున్న రోజులవి. కంపెనీ నుంచి బ్రిటన్ ఖజానాకు పన్నుగా చేరే సొమ్ము, ఆ నేల యజమాని అయిన ఇరాన్‌కు దక్కే రాయల్టీని మించిపోయింది. 1950 చివరలో పొరుగున సౌదీ అరేబియాకు అమెరికా కంపెనీలు సగం లాభం ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. బ్రిటిష్ కంపెనీ ఆలస్యం చేసింది.

ముసద్దిఖ్‌కు ఒక్క బ్రిటన్ మీదే పగ లేదు. 1944లో రష్యా ఉత్తర ఇరాన్ చమురు కోరినప్పుడు, మజ్లిస్ అనుమతి లేకుండా ఏ విదేశంతోనూ చమురు బేరాలు సాగించరాదని చట్టం చేయించింది ఆయనే. 1951 మార్చిలో మజ్లిస్ చమురును జాతీయం చేసింది. ఏప్రిల్‌లో ఆయన ప్రధాని అయ్యారు.

బ్రిటన్ ఇరాన్ చమురు కొనేవారిని బెదిరించి అమ్మకాలు స్తంభింపజేసింది. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. ముసద్దిఖ్ స్వయంగా హేగ్ వెళ్ళి వాదన వినిపించారు. 1952 జూలైలో ఆ కోర్టు, ఈ వివాదం తన పరిధిలోకి రాదని తేల్చింది. బ్రిటిష్ న్యాయమూర్తి కూడా ఆ తీర్పుతో ఏకీభవించడం విశేషం.

న్యాయస్థానంలో సాగనిది రహస్యంగా సాగింది. ఇరాన్ కమ్యూనిస్టుల పాలవుతుందన్న భయంతో అమెరికా బ్రిటన్‌తో చేతులు కలిపింది. 1953 ఆగస్టు 19న ఆయన ప్రభుత్వం కూలిపోయింది. తన పాత్రను అమెరికా గూఢచారి సంస్థ పత్రాలే 2013లో అంగీకరించాయి. అమెరికాను కదిలించింది చమురా, కమ్యూనిజం భయమా అని చరిత్రకారులు నేటికీ వాదిస్తారు. మేము చెప్పేది ఇంతే: 1954లో కొత్త ఒప్పందం కుదిరినప్పుడు, అంతవరకు అక్కడ వాటా లేని అమెరికా కంపెనీలకు నూటికి 40 పాళ్ళు దక్కాయి.

అయితే నేరమంతా బయటివారి మీద నెట్టడం ఇన్సాఫ్ కాదు. మొదట ఆయన పక్షాన నిలిచిన ఆయతుల్లా కాషానీ వంటి వారు విడిపోయారు. ముసద్దిఖ్ సైతం జనవాక్య సేకరణ పేరుతో మజ్లిస్‌ను రద్దు చేసి, తనకు అండగా ఉన్న గోడను తానే తొలగించుకున్నారు. ఆ సేకరణలో ఓటు రహస్యంగా సాగలేదు. ఇల్లు చీలకుండా ఉంటే బయటివారి డబ్బు అంత సులభంగా పని చేసేది కాదు.

ఆయన మూడేళ్ళు జైలులో, ఆ తరువాత అహ్మదాబాద్ గ్రామంలోని సొంత ఇంట నిర్బంధంలో గడిపి 1967 మార్చి 5న కన్నుమూశారు. 1952లో తన కోసం వీధుల్లోకి వచ్చి ప్రాణాలిచ్చిన వారి పక్కన ఖననం కావాలన్నది ఆయన కోరిక. షా దానికి ఒప్పుకోలేదు. ఇంట్లోనే, భోజనాల గదిలో సమాధి చేశారు.

అమెరికా ఆంక్షల వల్ల 2019లో మన దేశం ఇరాన్ చమురు కొనడం ఆపింది. కాబట్టి చమురు ఒక్కటే యుద్ధాలకు కారణం అనలేము, అది కారణమే కాదనీ అనలేము. ఎవరైనా మరో దేశంపై కత్తి దూసినప్పుడు వారు చెప్పే కారణం విందాము. ఆ తరువాత ఆ నేల సంపద ఎవరి చేతికి వెళ్ళిందో కూడా చూద్దాము.