చేతుల్లో ఏమీ లేదు, నోట స్తోత్రం ఉంది

మన సంఘాల్లో కృతజ్ఞత కూటం ఎప్పుడు పెడతారో అందరికీ తెలిసిందే. అబ్బాయికి ఉద్యోగం వస్తే, అమ్మాయికి సంబంధం కుదిరితే, గృహప్రతిష్ఠ జరిగితే. తార్నాకలో అద్దె గదుల్లో ఉంటూ పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు కూడా ఫలితాలు వచ్చాకే సాక్ష్యం చెబుదామని ఆగుతారు. వచ్చినందుకు స్తుతించడం మంచిదే. మరి రానివాళ్లు ఆ ఆదివారం వెనక వరుసలో కూర్చుని దేనికి స్తుతించాలి?

ఆ పిల్లలు చదివే యూనివర్సిటీ క్యాంపస్ నుంచి విద్యానగర్, రాంనగర్ మీదుగా ముషీరాబాద్ వైపు వస్తే గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను ఉంది. అక్కడ ఉండి సేవ చేసి, అక్కడే కన్నుమూసిన సహోదరుడు భక్తసింగ్ గారి జీవితాన్ని ఈ వారం ఆ ప్రశ్న పెట్టుకొని మళ్లీ తలచుకుంటున్నాం.

ఆయన మనవాడు కాదు, పంజాబీ. 1903 జూన్ 6న సిక్కు కుటుంబంలో పుట్టారు. కాలేజీ రోజుల్లో ఎవరో బైబిలు ఇస్తే, అట్ట బాగుందని అది ఉంచుకొని లోపలి పేజీలు చింపేశారు. 1926లో ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్లారు. తలపాగా పోయింది, సిగరెట్టు వచ్చింది, మంచి బట్టలు, ప్రయాణాలు వచ్చాయి. అన్నీ ఉన్నా మనసుకు నెమ్మది లేదని తర్వాత ఆయనే సాక్ష్యమిచ్చేవారు. 1928లో కెనడా వెళ్తున్న ఓడలో ఒక ఆరాధనకు మర్యాద కోసం కూర్చున్నారు. అందరూ మోకరించారు, చివరికి ఆయనా మోకరించారు. 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడు ఇచ్చిన కొత్త నిబంధన చదువుతూ ప్రభువును అంగీకరించారు. ఒకప్పుడు చింపి పారేసిన పుస్తకమే ఇక జీవితాంతం ఆయన చేతిలో ఉంది.

కెనడాలో ఉండగానే సేవకు పిలుపు వచ్చింది. దానితోపాటు మూడు షరతులు తన ముందుకు వచ్చాయని ఆయన చెప్పేవారు. పంజాబులోని ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. ఏ మిషను సంస్థలోనూ చేరకుండా అందరికీ ఒకేలా సేవ చేయాలి. తన ప్రణాళికలు తాను వేసుకోకూడదు. మొదటి రెండూ కష్టమే, కానీ మూడోదే అన్నిటికన్నా కష్టమని మా అభిప్రాయం. ఆస్తి వదులుకున్న సేవకులను మనం చూశాం. తన పథకాన్ని వదులుకున్నవాళ్లు, మనతో కలిపి, ఎంతమంది? కమిటీ పదవి కోసం, సంఘ స్థలం కోసం కోర్టుల చుట్టూ తిరిగేది దేనికని అడిగితే అందరూ దేవుని పని కోసమనే అంటారు.

1933 ఏప్రిల్‌లో ఆయన బొంబాయి రేవులో దిగారు. కలవడానికి వచ్చిన తల్లిదండ్రులు ఒకటే కోరారు. విశ్వాసం ఉంచుకో, కానీ కుటుంబం పరువు కోసం బయటికి చెప్పకు. అది ఆయన వల్ల కాలేదు. ఇల్లు దూరమైంది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. వదిలేయడం అంటే బరువు దింపుకోవడమేనని మనం తేలిగ్గా అనేస్తాం. ఏళ్ల తరబడి కొడుకు కోసం ఎదురుచూసిన అమ్మానాన్నలు బరువు కారు. ఆ సంతోషానికి వెల ఉంది, ఆయన ఆ వెల చెల్లించారు.

ఆ తర్వాత వీధుల్లో సువార్త చెబుతూ తిరిగారు. జీతం లేదు. అవసరం ఏదైనా మోకాళ్ల మీద దేవునికే చెప్పేవారు, మనుషులకు చెప్పేవారు కాదు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. అదే ఏడాది మద్రాసులో యెహోవా షమ్మా మొదలైంది. తర్వాత హైదరాబాదులో హెబ్రోను వచ్చింది. తెలుగు జిల్లాల్లో ఊరూరా సంఘాలు లేచాయి.

హెబ్రోను ఆరాధనకు వెళ్లినవారికి ఒక సంగతి తెలుసు. అక్కడ అడగడం కంటే ముందు స్తుతి ఉంటుంది. చాపల మీద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి దేవుడు ఎవరో, ఏం చేశాడో చెప్పి కృతజ్ఞత తెలుపుతారు. కూలికి వెళ్లే అమ్మ లేస్తుంది, ఆఫీసరు లేస్తాడు. అందులో ఉద్యోగం రాని కుర్రవాడికీ వంతు ఉంటుంది, ఎందుకంటే అక్కడి స్తోత్రం జీతం చీటీ చూసి మొదలయ్యేది కాదు. పరిశుద్ధ సమాజ కూటాలకు వేలాదిమంది వచ్చి పందిళ్లలో ఉండేవారు. భోజనానికి వరుసగా నేల మీద కూర్చునేవారు. పక్కవాడి కులం ఏమిటో అడగకుండా ఒకే వంట తినడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఈ రోజుల్లోనూ కాదనుకోండి.

చివరికి ఆయన సేవ కూడా చేయి జారింది. పార్కిన్సన్ వ్యాధి వచ్చింది. గంటల తరబడి ప్రసంగించిన మనిషి మంచం పట్టి, ప్రతి చిన్న పనికీ ఇతరుల మీద ఆధారపడ్డారు. దీన్ని మేము తియ్యగా చెప్పదలచుకోలేదు. అది నష్టమే. అయితే ఆస్తి, ఇల్లు, ప్రణాళిక ముందే అప్పగించిన ఆయనకు ఇప్పుడు శరీరాన్ని అప్పగించే వంతు వచ్చింది. హెబ్రోనులోనే సహోదరులు ఆయనను ఏళ్ల తరబడి చూసుకున్నారు. ఇచ్చే చేతులకు, ఇతరుల సేవ అందుకోవడమూ ఒక కృతజ్ఞతే.

2000 సెప్టెంబరు 17న, 97 ఏళ్ల వయసులో ఆయన ప్రభువును చేరుకున్నారు. 22న వేలాదిమంది వెంట నడవగా నారాయణగూడ సమాధుల తోటలో పాతిపెట్టారు. పంజాబులో వదులుకున్న ఇంటికి ఎన్నో రాష్ట్రాల దూరంలో, తెలుగువాళ్ల మధ్య.