డాల్ఫినును లంగరును – ఆల్డస్ మనూషియస్ చరిత్రము

పదునాఱవ శతాబ్దమున వెనిస్ నగరమందు అచ్చుపడిన కొన్ని గ్రంథముల ముఖపత్రముపై ఒక చిత్రము కానవచ్చును. నిలువుగా నున్న ఓడ లంగరు; దాని కాడను పెనవేసికొని యున్న డాల్ఫిన్ అను సముద్రజంతువు; ఇరుప్రక్కల రెండుగా విఱిచి వ్రాయబడిన ఆల్డస్ అను పేరు. ఐదువందల యేండ్లు గడచినను పుస్తకప్రియులు ఈ ముద్రను చూచినతోడనే గుర్తింతురు. డాల్ఫిన్ వేగమునకు గుర్తు. లంగరు నిలుకడకు గుర్తు. పరుగెత్తు దానిని, కదలనీయని దానిని ఒక్కచోట ముడివేసిన ఆ చిత్రమునకు నెమ్మదిగా త్వరపడవలెనని అర్థము. తెలుగువారు ఆలస్యమైన అమృతము విషమగునని ఒకప్పుడును, నిదానమే ప్రధానమని మఱియొకప్పుడును చెప్పుదురు. ఆ రెండు సామెతల నడుమ చిక్కి ఇరువది యేండ్లు నలిగిన మనుష్యుడు ఆల్డస్ మనూషియస్.

డాల్ఫిన్ చేపవలె కన్పట్టినను చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చును. పిల్లను కని పాలిచ్చును. ఈ సంగతిని క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమునందే అరిస్టాటిల్ తన జంతుశాస్త్రమున వ్రాసెను. నిద్రించునపుడు ముట్టె నీటిపైకి పెట్టి గుఱక పెట్టుననియు, జంతువులన్నింటను మిక్కిలి వేగము గలదనియు, ఓడ స్తంభముల మీదుగా ఎగురుననియు గూడ అందు గలదు. గ్రీకు, రోమక శిల్పులును, చిత్రకారులును, నాణెములు ముద్రించువారును దానిని ఎన్నడును విడువలేదు. నావికులు సముద్రమున పడద్రోయగా అరియన్ అను గాయకుని వీపుపై మోసికొని ఒడ్డు చేర్చినది డాల్ఫినే యని వారి కథ. ఆల్డస్ కాలపు చిత్రకారులు మాత్రము ప్రాణముతో నున్న డాల్ఫినును చూచి గీచినట్లు తోపదు. లేని పొలుసులు పెట్టిరి, ముట్టెను వంచిరి, తోకను మెలిపెట్టిరి. దేవాలయ తోరణములపై మకరమును చూచి పెరిగిన తెలుగువారికి ఇది వింత గాదు.

ఆల్డస్ 1450 ప్రాంతమున రోము నగరమునకు ఆగ్నేయమున నున్న బాసియానో అను కొండయూర పుట్టెను. రోమున లాటిన్ చదివి, పిమ్మట ఫెరారా నగరమున బత్తిస్త గ్వారినో అను పండితునొద్ద గ్రీకు నేర్చెను. 1482లో వెనిస్ వారికిని ఫెరారా వారికిని యుద్ధము రాగా, నాటి మేధావులలో అగ్రగణ్యుడగు పీకో దెల్లా మిరాందోలా ఇంట తలదాచుకొనెను. పీకో మేనల్లుండ్రు కార్పి రాకుమారులగు ఆల్బెర్తో, లియొనెల్లో అనువారు. వారికి ఆల్డస్ గురువయ్యెను. నలువది యేండ్ల ప్రాయము వఱకు ఆయన బడిపంతులే. బాలురచే వ్యాకరణము వల్లె వేయించుట, పద్యములకు అన్వయము చెప్పుట, ఇదియే వృత్తి. అట్టివాడు ఆ వయస్సున సుఖమగు కొలువు విడిచి, మసియు, సీసమును, అప్పులును గల వ్యాపారమునకు దిగుటకు కారణము పంతులైనవానికే తెలియగలదు. శిష్యుల చేతికిచ్చుటకు పుస్తకములు లేవు. ఉన్న వ్రాతప్రతులు తప్పుల తడకలు. గ్రీకు గ్రంథముల మాట చెప్పనక్కఱలేదు.

1453లో కాన్‌స్టాంటినోపిల్ తురుష్కుల వశమైన పిమ్మట అనేక గ్రీకు పండితులు వ్రాతప్రతులను చంకబెట్టుకొని ఇటలీకి వలసవచ్చిరి. వారిలో పెక్కురు వెనిస్ చేరిరి. గ్రీకువాడై కార్డినల్ పదవి నందిన బెస్సారియన్ తాను జీవితమంతయు కూర్చిన గ్రంథరాశిని, పదిమందికి ఉపయోగపడవలెనని, 1468లో వెనిస్ ప్రభుత్వమునకు దానమిచ్చెను. ప్రభుత్వమువారు వానిని పెట్టెలలో బెట్టి రాజసౌధమున భద్రపఱచిరి. భద్రపఱచుట యనగా ఇచట ఎవరికిని అందకుండ చేయుట. వానికి తగిన భవనము కట్టనారంభించినది 1537లో. అప్పటికి ఆల్డస్ మరణించి ఇరువదిరెండేండ్లు. అంతటి నిధి ఊరిలోనే యుండగా ఆయన మూలప్రతులకై మిత్రులకు జాబులు వ్రాయుచు, ఊరూర వెదకించుచు కాలము గడుపవలసివచ్చెను.

1490 ప్రాంతమున వెనిస్ చేరిన ఆల్డస్, తాను వ్రాసిన లాటిన్ వ్యాకరణమును 1493లో ఆంద్రియా తొర్రెసాని అను అనుభవశాలియగు ముద్రాపకునిచే అచ్చొత్తించెను. పిమ్మట తొర్రెసానియు, వెనిస్ పాలకుల వంశమువాడగు పియెర్‌ఫ్రాంచెస్కో బార్బరిగోయు ఆల్డసుతో గలసి భాగస్వాములైరి. సగము బార్బరిగోది. తక్కిన సగములో పెద్దపాలు తొర్రెసానిది. ఆల్డస్ భాగము మొత్తములో పదింట ఒక పాలు మాత్రమే యని పరిశోధకులు లెక్క గట్టిరి. పేరు ఆయనది, చదువు ఆయనది, రాత్రులు దీపముకడ కూర్చుండుట ఆయనది. పైకము మాత్రము అన్యులది. తొర్రెసాని కఠినుడగు వ్యాపారి. అయినను అతడు లేనిచో మొదటి పుస్తకమే వెలువడి యుండదు. ఈ మాట చెప్పకున్న అతనికి అన్యాయము చేసినట్లగును.

1495లో లాస్కరిస్ గ్రీకు వ్యాకరణము వెలువడెను. ఆ యేడు మొదలిడి 1498 వఱకు ఐదు సంపుటములుగా అరిస్టాటిల్ గ్రంథములు వచ్చెను. గ్రీకు అక్షరములకు ఊపిరి గుర్తులు, స్వరపు గుర్తులు తలపై నుండవలెను. గుణింతములతో, ఒత్తులతో తెలుగు అచ్చు కూర్చినవారికి ఆ కష్టమెట్టిదో వివరింప నక్కఱలేదు. 1497 నాటి సంపుటమున జంతుశాస్త్రము గలదు. డాల్ఫిన్ పాలిచ్చుననియు, గుఱక పెట్టుననియు చెప్పిన ఆ మాటలు మూలభాషలో మొట్టమొదట అచ్చెక్కినది ఆల్డస్ ముద్రాలయమునందే. ఐదు సంపుటముల వెల 11 బంగారు డుకాట్లు. బడిపంతులు కొనగల వెల గాదు.

డాల్ఫిన్ ముద్ర ఆయనకు వచ్చిన విధము ఇది. కవియు కులీనుడును నగు పియెత్రో బెంబో ఆయనకొక రోమక వెండి నాణెమును కానుకగా నిచ్చెను. అది క్రీ.శ. 79 నుండి 81 వఱకు ఏలిన టైటస్ చక్రవర్తి నాటిది. ఒకవైపున చక్రవర్తి తల. రెండవవైపున లంగరును చుట్టుకొనిన డాల్ఫిన్. నెమ్మదిగా త్వరపడుట యను మాట అంతకు పూర్వుడగు అగస్టస్ చక్రవర్తికి మిక్కిలి ప్రియమైనదని ప్రసిద్ధి. 1499లో ఆల్డస్ అచ్చువేసిన పోలిఫిలస్ స్వప్నకథయందు డాల్ఫిన్ లంగరుల జంట కొయ్యపై చెక్కి అచ్చొత్తిన బొమ్మగా కనబడెను. ఆ పుస్తకమునందలి బొమ్మలకు శిల్పి తన పేరు పెట్టుకొనలేదు. కాని అక్షరమును బొమ్మయు ఒకే పుటలో అంత పొందికగా నమరిన పుస్తకము అరుదు. 1502 నుండి ఆ జంటయే ముద్రాలయపు గుర్తయ్యెను.

అంతకు ఒక యేడు ముందే ఆల్డస్ తాను చేసిన పనులన్నింటిలో పెద్దది గావించెను. అప్పటి విద్వద్గ్రంథములు చాలవఱకు పెద్దవి. బల్లపై బెట్టి చదువవలసినవి. కాగితపు తావును మూడు మార్లు మడిచిన ఎనిమిది ఆకులగును. ఆ పరిమాణమున అదివఱకు ప్రార్థనపుస్తకములు మున్నగునవి వచ్చుచుండెను. 1501లో ఆల్డస్ వర్జిల్ మహాకవి కావ్యములను ఆ పరిమాణమున, వ్యాఖ్యానముల బరువు లేకుండ, మూలమాత్రముగా అచ్చువేసెను. ఇక పుస్తకమును తోటకు గొనిపోవచ్చును, ప్రయాణమున చదువవచ్చును. దీనికై ఫ్రాంచెస్కో గ్రిఫో అను అక్షరశిల్పి, పండితుల చేతివ్రాతను పోలి కుడివైపునకు వాలిన అక్షరములు చెక్కెను. ఇటాలిక్కులనబడు అక్షరములు వాని సంతతియే. చుక్కయు కామాయు కలిసిన అర్ధవిరామపు గుర్తు గూడ గ్రిఫో అక్షరములతో 1496లో అచ్చైన బెంబో గ్రంథమున మొదట కనబడెను. అది నేడు తెలుగు పుస్తకములందును గలదు. వర్జిల్ పుస్తకమున ఆల్డస్ గ్రిఫో నైపుణ్యమును పొగడెను గాని, ప్రభుత్వమువారివద్ద ఆ అక్షరములపై హక్కును తన పేరనే పొందెను. కొలదికాలమునకే ఇద్దఱును విడిపోయిరి. ఈ విషయమున ఆల్డస్ పక్షమున చెప్పదగినది స్వల్పము.

ఆ చిన్న పుస్తకములు మిక్కిలి చవుకయని తఱచు చెప్పుదురు. అది సగము నిజము. కాగితపు ప్రతుల మాట యెట్లున్నను, తోలుపై అచ్చొత్తిన ప్రతులను మాంటువా పాలకుని భార్య ఇసబెల్లా దెస్తే 1505లో, చెప్పిన వెలలో సగమునకును తగవని త్రిప్పి పంపెను.

కీర్తితోపాటు దొంగలును వచ్చిరి. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరపు ముద్రాపకులు ఆల్డస్ పుస్తకములను అదే పరిమాణమున, అట్టి వాలు అక్షరములతోనే, తమ పేరు చెప్పకుండ అచ్చువేసి అమ్మదొడగిరి. వెనిస్ ప్రభుత్వమిచ్చిన హక్కు సరిహద్దు దాటిన చెల్లదు. 1503 మార్చి 16వ తేదీన ఆల్డస్ ఒక హెచ్చరిక పత్రము ప్రకటించి, దొంగప్రతులను జనులు గుర్తించుటకై వానియందలి తప్పులను పుస్తకము వారీగా చూపెను. వాని కాగితము నాసిరకమనియు, చెడువాసన వేయుననియు గూడ తెలిపెను. లియాన్ వారు ఆ పత్రమును శ్రద్ధతో చదివిరి. తప్పొప్పుల పట్టిక ఉచితముగా దొరకినది గదా యని, అందు చూపిన తప్పులు దిద్దుకొని మరల అచ్చువేసిరి. ఒకరి రాత్రుల కష్టము మఱియొకరి ఖాతాలో జమపడెను.

ఆల్డస్ ఇంట ఒక విద్వద్గోష్ఠి యుండెడిది. సభ్యులు గ్రీకు మాత్రమే మాటాడవలెను. వేఱుభాష నోట వచ్చినవాడు జరిమానా చెల్లింపవలెను. ఆ సొమ్ముతో అందఱకు విందు. క్రీటు ద్వీపమువాడగు మార్కస్ ముసూరస్ మొదలగు పండితులు గ్రీకు గ్రంథములను పరిష్కరించుచుండిరి. ఊరక చూడవచ్చువారి తాకిడి పెరుగగా ఆల్డస్ తన గది తలుపుపై ఒక ప్రకటన వ్రాయించెను. వచ్చినవారు పని రెండుమాటలలో చెప్పి వెంటనే వెళ్లవలెననియు, పనిలో చేయివేయుటకు వచ్చినవారు మాత్రము ఉండవచ్చుననియు దాని భావము.

1505లో, ఏబదియేండ్లు దాటిన పిమ్మట, తొర్రెసాని కుమార్తె మరియాను వివాహమాడి, తరువాత మామగారి ఇంటికే కాపురము మార్చెను. 1506లో ప్రయాణము చేయుచుండగా మాంటువా పొలిమేరలోని కావలివారు ఆయనను పారిపోవుచున్న నేరస్థుడని భ్రమించి పట్టుకొనిరి. యూరపు ఖండమున పండితులెల్లరు ఎఱిగిన మనుష్యుడు కొన్ని దినములు నిర్బంధమున గడపి విడుదల యయ్యెను.

1508లో హాలండు దేశపు పండితుడు ఎరాస్మస్ ఆయన యింట బసచేసి తన సామెతల సంపుటిని అచ్చువేయించెను. ఒకే గదిలో, యంత్రముల చప్పుడు నడుమ, ఎరాస్మస్ వ్రాయుచుండగా పనివారు వెంటవెంట అక్షరములు కూర్చుచుండిరి. దిద్దిన ప్రూఫులను ఆల్డస్ మరల తానే చదువుచుండెను. మూడువేలకు మించిన సామెతలుగల ఆ గ్రంథము సెప్టెంబరులో వెలువడెను. ఆల్డస్ బెంబో యిచ్చిన నాణెమును ఎరాస్మసునకు చూపెను. అతడు డాల్ఫిన్ లంగరుల సామెతపై దీర్ఘవ్యాసము వ్రాసి, రాజుల గ్రంథాలయములు గోడల నడుమ నుండగా ఆల్డస్ కట్టుచున్న గ్రంథాలయమునకు లోకమే హద్దని మెచ్చుకొనెను. మామగారి యింటి భోజనము మాత్రము ఆ అతిథికి సహింపలేదు. ఇరువది యేండ్లు దాటిన పిమ్మటగూడ ఆ పలుచని చారును మఱువక, 1531లో ఒక హాస్యసంభాషణ వ్రాసి తొర్రెసానిపై కక్ష దీర్చుకొనెను.

ఆల్డస్ గ్రంథములు నిర్దుష్టములని చెప్పరాదు. మంచిప్రతి దొరకువఱకు ఆగక, చేతికందిన ప్రతినే నమ్మి త్వరపడి అచ్చువేసిన సందర్భములు కలవు. లంగరు జాఱి డాల్ఫిన్ లాగుకొనిపోయిన పుటలవి. అయితే యంత్రములు ఊరక యున్న దినమున భాగస్వాములు నష్టము లెక్కింతురు. పనివారికి కూలి ఇయ్యవలెను. దొరకిన ప్రతి మరల దొరకునో లేదో. దాదాపు ముప్పదిమంది గ్రీకు గ్రంథకర్తల రచనలు ఆయన చేతిమీదుగానే మొదటిసారి అచ్చెక్కినవి. ఆయన ఆగియుండినచో వానిలో ఎన్ని నిలిచెడివో!

1509లో పెక్కురు రాజులును పోపును కూడి వెనిస్‌పై దండెత్తిరి. ముద్రాలయము మూతపడెను. మూడేండ్ల పిమ్మట 1512లో మరల తెఱచి, 1513లో ముసూరస్ పరిష్కరించిన ప్లేటో గ్రంథములను మొదటిసారిగా గ్రీకున వెలువరించెను. 1515 ఫిబ్రవరి 6వ తేదీన ఆల్డస్ మరణించెను. సాన్ పాతెర్నియాన్ దేవాలయమున ఆయన శవపేటిక చుట్టును ఆయన అచ్చువేసిన పుస్తకములను పేర్చిరి.

ఆయన పోయిన మూడేండ్లకు, 1518లో, వెలువడిన లివీ చరిత్రమునందు ఆయన బావమఱది ఫ్రాంచెస్కో తొర్రెసాని చదువరులకొక జాగ్రత్త చెప్పెను. ఫ్లారెన్సు నగరపు ముద్రాపకులు ఆల్డస్ ముద్రనే దొంగిలించిరట. కాని వారి డాల్ఫిన్ తల ఎడమవైపునకు తిరిగియుండును, అసలుదాని తల కుడివైపునకు. లియాన్ వారివలె వీరును ఆ జాగ్రత్తను చదివి తల త్రిప్పుకొనిరో యేమో!

కుమారుడు పావ్లో, మనుమడు రెండవ ఆల్డస్ పని సాగించిరి. 1597లో మనుమని మరణముతో ఆ యింటి ముద్రణ ముగిసెను. 1830 ప్రాంతమున లండను నగరపు పుస్తకప్రచురణకర్త విలియం పికరింగ్ తన పుస్తకములపై అదే డాల్ఫినును, అదే లంగరును వేయించెను. అతడు దానిని దాచలేదు. ఆ ముద్రతోపాటు, తాను ఆల్డసునకు ఆంగ్లేయ శిష్యుడనని లాటిన్ భాషలో అచ్చువేసికొనెను.