పీటర్ స్కాట్ - నేనే బాతులు

దక్షిణ ధ్రువమును చేరి, తిరుగు ప్రయాణమున 1912లో మంచులో ప్రాణములు విడిచిన కెప్టెన్ స్కాట్ కథ మన విద్యార్థులు చదివినదే. తమ బిడ్డకు ప్రకృతిశాస్త్రమునం దాసక్తి కలిగింపుమని ఆయన కడపటి లేఖలో భార్యను కోరెను. రెండున్నరయేండ్ల ఆ బిడ్డయే పీటర్.

తల్లి క్యాథ్లీన్ శిల్పి. భర్త కోరికను మరువలేదు. పీటర్ పక్షుల చిత్రకారుడై పేరు గడించెను. అయితే యౌవనమున ఆయన ఆ పక్షులనే తుపాకితో వేటాడెడివాడు. ఈ సంగతి దాచవలసిన పనిలేదు. క్రమముగా వేటపై ఆయన మనసు విరిగెను. 1946లో ఇంగ్లండునందలి స్లింబ్రిడ్జి గ్రామమున నీటిపక్షుల సంరక్షణకై యొక సంస్థను స్థాపించెను.

హవాయి దీవులలో 'నేనే' యను పెద్దబాతు కలదు. తెలుగు చెవికి వింతగా తోచు ఈ పేరు దాని కూతనుబట్టి వచ్చినది. నీటికంటె అగ్నిపర్వతపు రాతినేలలపైననే ఇది యెక్కువగా తిరుగును. వేట వలనను, చెరకుతోటలలో ఎలుకలను పట్టుటకని 1883లో తెచ్చిన ముంగిసలు గ్రుడ్లను, పిల్లలను తినుట వలనను ఈ జాతి క్షీణించెను. ఆ ముంగిసలు మన దేశపు జాతివే! 1950 ప్రాంతమున అడవిలో మిగిలినవి సుమారు 30 మాత్రమే.

ఆ యేడే రెండు పక్షులు స్లింబ్రిడ్జికి చేరెను. జంటయని తలచిరి; మరుసటి యేట రెండును గ్రుడ్లు పెట్టెను! వెంటనే తంతినిచ్చి మగపక్షిని విమానముపై రప్పించిరి. ఆ గ్రుడ్లు వ్యర్థమైనను, 1952లో తొమ్మిది పిల్లలు పుట్టెను.

సంస్థలో పీటరునకు సహాయకురాలిగా నున్న ఫిలిప్పాను ఆయన 1951లో వివాహమాడెను. ఆ పెండ్లియు ఐస్‌లండులో బాతుల పరిశోధనయాత్ర నడుమనే జరిగెను! వారి కుమార్తె డఫీలా పేరు ఒక బాతుజాతి శాస్త్రనామము. కుమారుని పేరు ఫాల్కన్, అనగా డేగ. 1964 నుండి ఇంటి యెదుటి చెరువునకు శీతకాలమున వచ్చు బీవిక్ హంసలను, ముక్కుపై మచ్చలనుబట్టి ఒక్కొక్కదానిని గుర్తించి, పేర్లు పెట్టిరి. ఆ పనిలో డఫీలాయు తల్లిదండ్రులతో పాల్గొనెను.

1962లో స్లింబ్రిడ్జి నేనేలు 30 హవాయికి మరలెను. బాలభటులు వానిని పెట్టెలలో వీపులపై మోసికొని మావీ దీవిలోని హాలియకాలా అగ్నిపర్వత బిలములోనికి దింపిరి. హవాయివారును 1949 నుండి ఇట్టి పెంపకమునే సాగించిరి గనుక కీర్తినంతయు ఒక్క కుటుంబమునకే కట్టబెట్టరాదు. విడిచిన పక్షులలో పెక్కింటి గ్రుడ్లు, పిల్లలు మరల ముంగిసల పాలయ్యెను. ముంగిసలు స్థిరపడని కవాయి దీవిలోనే నేనేలు బాగుగా వృద్ధిచెందెను.

పీటర్ 1989లో మరణించెను. 2019లో అమెరికా ప్రభుత్వము నేనేను తీవ్రప్రమాదముననున్న జాతుల పట్టికనుండి తక్కువ ప్రమాదముగల పట్టికకు మార్చెను.