కవర్‌పై అరటిపండు.. బ్యాండ్ పేరే లేదు! ఆండీ వార్హోల్ చేసిన వింత ఇదే

ఫోన్‌లో పాట ప్లే చేస్తే ముందు కనిపించేది ఒక చిన్న చదరం బొమ్మ. అందులో సింగర్ మొహం, ఆల్బమ్ పేరు, ఓ మూల కంపెనీ లోగో. ఈ ఫార్ములా ఎల్పీ రికార్డుల కాలం నాటిది. దాన్ని పక్కన పడేసిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆండీ వార్హోల్. సూప్ డబ్బాల బొమ్మలతో ఫేమస్ అయిన ఆర్టిస్ట్ ఈయనే. కానీ ఆ డబ్బాలకు 13 ఏళ్ల ముందే రికార్డు కవర్లు గీశారని చాలామందికి తెలియదు.

1928 ఆగస్టు 6న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఇప్పటి స్లొవేకియా నుంచి వలస వెళ్లినవాళ్లు. కూలి పని చేసే తండ్రి 1942లో చనిపోయారు. చదువు పూర్తవగానే 1949లో న్యూయార్క్ చేరిన ఆండీ, అదే ఏడాది కొలంబియా రికార్డ్స్‌కు మెక్సికన్ సంగీతం ఆల్బమ్ కవర్ గీశారు.

అమ్మ చేతిరాతే డిజైన్!

తల్లి జూలియాకు ఇంగ్లీష్ అంతంతమాత్రమే. అక్షరాలు చూసి చూసి అలాగే దించేవారు. ఒక్కోసారి ఒక అక్షరం ఎగిరిపోయేది కూడా! ఆండీకి ఆ తప్పులే నచ్చేవి. 1957లో మూన్‌డాగ్ అనే అంధ సంగీతకారుడి ఆల్బమ్‌కు ఫొటో లేదు, బొమ్మ లేదు.. అట్ట మొత్తం ఆమె రాతే. దానికి అవార్డు కూడా వచ్చింది. అయితే ఆ అవార్డులో ఆమె పేరు లేదు, ఆండీ వార్హోల్ తల్లి అని మాత్రమే ఉంది. కొంచెం బాధనిపించే విషయమే.

సరిగ్గా పదేళ్లకు ఇంకో పేరు మాయమైంది. 1967లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ తొలి ఆల్బమ్ ముందు అట్టపై ఒక పసుపు అరటిపండు, కింద ఆండీ వార్హోల్ పేరు. అంతే! పాడినవాళ్ల పేరు ముందు వైపు ఎక్కడా లేదు. తొక్క నిజానికి ఒక స్టిక్కర్, ఊడదీస్తే లోపల గులాబీ రంగు పండు. వెనక అట్ట మీది ఫొటోలో తన మొహం వాడారంటూ ఒక నటుడు డబ్బులు అడగడంతో షాపుల నుంచి కాపీలు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. ఇప్పుడు స్టిక్కర్ ఊడని కాపీ దొరికితే కలెక్టర్లు ఎగబడతారు.

1968 జూన్ 3న ఆయనపై కాల్పులు జరిగాయి. చావు అంచుదాకా వెళ్లి బతికారు.

1971లో రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ 'స్టికీ ఫింగర్స్' వచ్చింది. కవర్‌పై జీన్స్ ప్యాంటు ఫొటో, దానికి నిజమైన జిప్! ఐడియా అదిరింది కానీ కాపీలు ఒకదానిపై ఒకటి పేర్చితే జిప్ ఒత్తుకుని పక్క రికార్డు పాడైపోయేది. చివరికి జిప్‌ను సగం కిందికి లాగి పంపారు. అప్పుడు ఒత్తిడి పాట ఉన్న గాడులపై కాకుండా మధ్యలోని లేబుల్‌పై పడింది. ప్యాకింగ్ అంటే అందం ఒక్కటే చూస్తే సరిపోదు మరి, లోపలి సరుకు కూడా బతకాలి కదా!

పిత్తాశయం ఆపరేషన్ తర్వాత 1987 ఫిబ్రవరి 22న, 58 ఏళ్లకే కన్నుమూశారు. అరటిపండు గొడవ మాత్రం ఆగలేదు. అది మా గుర్తు అంటూ 2012లో ఆ బ్యాండ్ వార్హోల్ ఫౌండేషన్‌పై కోర్టుకెళ్లింది. 2013లో రాజీ కుదిరింది. షరతులేంటో ఇరుపక్షాలూ బయటపెట్టలేదు.