సైకిలు మీద నుంచి పడ్డ చిత్రకారుడు

వానాకాలం మొదలైతే చాలు, మన స్కూలు సైకిల్ స్టాండు దగ్గర ఎవరో ఒకరు చేతికి కట్టుతో కనిపిస్తారు. ఆ కట్టుతో క్లాసుకు వచ్చిన వాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: ఇక నోట్సు రాయక్కర్లేదు కదా అని. అక్కర్లేదనే అంటాను. అని ఊరుకోకుండా, ఒక చిత్రకారుడి సంగతి మొదలుపెడతాను. ఆయన కూడా సైకిలు మీద నుంచి పడ్డాడు. రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ విరిగింది బొమ్మలు వేసే కుడిచెయ్యే.

ఆయన పేరు పియెర్ ఆగస్ట్ రెన్వార్. ఫ్రాన్సులోని లిమోజ్ అనే ఊళ్లో 1841 ఫిబ్రవరి 25న పుట్టాడు. తండ్రి దర్జీ, తల్లి కూడా కుట్టుపని చేసేది. పిల్లవాడికి మూడు నాలుగేళ్ల వయసులోనే పని వెతుక్కుంటూ కుటుంబం పారిస్ చేరింది. వాళ్లు దిగిన ఇల్లు లూవ్ర్ మ్యూజియానికి దగ్గర. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

పదమూడేళ్లకే చదువు మాని పనిలో చేరాడు. పింగాణీ కప్పుల మీద, పళ్లాల మీద పూలూ బొమ్మలూ వేసే పని. చెయ్యి తొందరగా కుదిరింది. కానీ అంతలోనే పింగాణీ మీద బొమ్మలు అచ్చుగుద్దే యంత్రాలు వచ్చాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పని పోయింది. తర్వాత విసనకర్రల మీద, కిటికీ తెరల మీద బొమ్మలు వేసి డబ్బు కూడబెట్టుకుని, ఇరవై దాటాక చిత్రకళ నేర్చుకోవడానికి ఒక గురువు దగ్గర చేరాడు. అక్కడ దొరికిన స్నేహితుడు క్లోద్ మోనె. 1869లో మోనె ఇంట్లో తినడానికి లేని రోజుల్లో రెన్వార్ తన తల్లిదండ్రుల ఇంటి నుంచి రొట్టె పట్టుకెళ్లి ఇచ్చేవాడు.

ఈ స్నేహితులు గది వదిలి బయట ఎండలో కూర్చుని బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. అందుకు ఒక చిన్న వస్తువు సాయం చేసింది. అంతకుముందు నూనె రంగులను పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి దాచేవాళ్లు. ఒకసారి పొడిస్తే ఎండిపోయేవి, కారిపోయేవి. రెన్వార్ పుట్టిన 1841లోనే జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు మూత ఉన్న తగరపు ట్యూబు కనిపెట్టాడు. మీ డ్రాయింగ్ పెట్టెలో ఉన్న ట్యూబులు దాని మనవలే. ట్యూబులు జేబులో వేసుకుని ఏటి ఒడ్డుకైనా పోవచ్చు. 1874లో వీళ్లంతా కలిసి సొంతంగా ప్రదర్శన పెట్టారు. పత్రికలవాళ్లు ఎగతాళిగా పెట్టిన ఇంప్రెషనిస్టులు అనే పేరే చివరికి వాళ్లకు నిలిచిపోయింది.

రెన్వార్ రోజూ పనికి వెళ్లే తీరు 1876లో ఇలా ఉండేది. పారిస్‌లో మోన్‌మార్త్ర్ అనే గుట్ట మీద ఒక పాత ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆ దగ్గర్లోనే ఆదివారాల్లో కుట్టుపని అమ్మాయిలూ గుమాస్తాలూ వచ్చి నాట్యం చేసే తోట ఉండేది. దాన్ని గీయాలని పెద్ద కాన్వాసు ఎంచుకున్నాడు. అడ్డం 175 సెంటీమీటర్లు, నిలువు 131. అంటే మన క్లాసులో బెంచీ కంటే పొడుగు. దాన్ని ఆ గది నుంచి తోట దాకా స్నేహితులు చెరో కొస పట్టి మోసేవాళ్లు. గుట్ట మీద గాలి వీస్తే అది గాలిపటంలా ఎగిరిపోతుందేమోనని భయం. మూలాన్ ద లా గలెత్ నాట్యం అని పేరున్న ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లో ఒర్సే మ్యూజియంలో ఉంది. ఆకుల మధ్య నుంచి రాలిన ఎండ చుక్కలు మనుషుల కోట్ల మీద పడి ఉంటాయి, చూడండి. ఏ వేపచెట్టు కిందనైనా మిట్టమధ్యాహ్నం నిలబడితే మన తెల్ల చొక్కాల మీదా అవే చుక్కలు.

మొదటిసారి పడింది 1880లో. అప్పటికి గాలి నింపే సైకిలు టైరు ఇంకా రాలేదు. డన్లప్ దాన్ని కనిపెట్టింది 1888లో. కుడిచెయ్యి విరిగింది. రెన్వార్ కుంచెను ఎడమచేతికి మార్చుకుని బొమ్మలు వేశాడు. చెయ్యి అతికింది, మళ్లీ కుడిచేత్తో వేశాడు. అంతే, అప్పటికి అది చిన్న సంగతి.

రెండోది 1897లో. అప్పటికి ఆయన పేరున్న చిత్రకారుడు, యాభై ఆరేళ్లవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. భార్య ఆలీన్‌ది ఎస్వా అనే పల్లె. ద్రాక్షతోటలూ ఒక చిన్న ఏరూ ఉన్న ఊరు. 1896లో అక్కడ ఒక ఇల్లు కొని, వేసవులు అక్కడే గడిపేవాళ్లు. పల్లెలో అటూ ఇటూ తిరగడానికి ఆయనకు సైకిలు. ఒక వాన రోజు చక్రం జారింది. రాళ్ల మీద పడి కుడిచెయ్యి మళ్లీ విరిగింది. పిండికట్టు వేశారు. మళ్లీ ఎడమచెయ్యి. ఆ చేత్తో రంగులు కలుపుకోవడం, పలక తుడుచుకోవడం కష్టమై ఆ పనులకు భార్య సాయం తీసుకున్నాడు. కట్టు విప్పాక చెయ్యి బాగానే ఉందన్నారు. ఆ చలికాలం భుజంలో నొప్పి మొదలైంది.

ఇంట్లోవాళ్లు తర్వాతి కష్టాలన్నిటికీ ఆ సైకిలునే తిట్టుకున్నారు. పాపం, సైకిలు తప్పేం లేదు. ఆయనది కీళ్లవాతం. పడడానికి కొన్నేళ్ల ముందే అది మొదలైందని ఈనాటి వైద్యులు అంటున్నారు. వేళ్ల కీళ్లు, మోకాళ్లు, భుజాలు ఒక్కొక్కటే వాచి, బిగుసుకుని, వంకరపోయే జబ్బు. ఆ రోజుల్లో దానికి మందు లేదు. వేడి నీటి బుగ్గలున్న ఊళ్లకు వెళ్లి స్నానాలు చేయడం, చలి తగలకుండా ఎండ ఉన్నచోట ఉండడం, ఇవే వైద్యం.

అందుకని ఆ కుటుంబానికి బదిలీలు మొదలయ్యాయి. మన బదిలీలకు ఆర్డరు ఢిల్లీ నుంచి వస్తుంది, వాళ్లకు చలి నుంచి వచ్చేది. చలికాలం దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున, వేసవి ఎస్వాలో, మధ్యలో పారిస్‌లో. భార్య, పిల్లలు, పనివాళ్లు, పెట్టెలు, కాన్వాసులు అన్నీ రైలెక్కాల్సిందే. 1901లో మూడో కొడుకు క్లోద్ పుట్టాడు. పెద్దవాడు పియెర్, రెండోవాడు జాఁ. ఈ ఇంట్లో పిల్లలకు ఒక అదనపు బాధ్యత ఉండేది: నాన్న బొమ్మకు కదలకుండా కూర్చోవడం. జాఁ ఎర్రని జుట్టు గీయడానికి బాగుంటుందని తండ్రి దాన్ని చాలాకాలం కత్తిరించనివ్వలేదు. వీధిలో పిల్లలు ఆడపిల్లవా అని ఏడిపించేవాళ్లు. బడిలో వేసేటప్పుడు జుట్టు కత్తిరిస్తే వాడు ఎగిరి గంతేశాడు. క్లోద్‌ను 1909లో ఎర్ర దుస్తుల్లో సర్కస్ విదూషకుడిలా నిలబెట్టి గీశారు. మేజోళ్లు గరగరలాడుతున్నాయని వాడు మొండికేస్తే, బొమ్మ రైలూ రంగుల పెట్టే ఇస్తామని ఒప్పించాల్సి వచ్చింది.

ఈ మధ్యలో రెన్వార్ చేతులు ఏమవుతున్నాయో చెప్పాలి. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆయన మూడు చిన్న తోలు బంతుల్ని గారడీవాడిలా ఎగరేసి పట్టుకునేవాడు. వేళ్లు బిగుసుకుపోకుండా ఉండడానికి అది ఆయన కసరత్తు. కొన్నాళ్లకు బంతులు పట్టు తప్పాయి. అప్పుడు ఒక చిన్న కర్రముక్కను తిప్పుతూ ఎగరేసి పట్టుకోవడం మొదలుపెట్టాడు. అదీ చేజారే రోజు వచ్చింది. ముందు చేతికర్ర, తర్వాత రెండు చంకకర్రలు, 1912 నాటికి చక్రాల కుర్చీ. మనిషి ఎంత చిక్కిపోయాడంటే 1904లోనే బరువు నలభై ఆరు కిలోలు.

1907లో సముద్రానికి దగ్గరగా ఉన్న కాన్య అనే ఊళ్లో ఒక ఆలివ్ తోట కొన్నాడు. దాని పేరు లె కొలెత్. ఆ చెట్లు బాగా పాతవి, మాను మెలికలు తిరిగినవి. వాటిని కొట్టేయబోతున్నారని తెలిసి కొన్నాడు. అందులో ఇల్లు కట్టారు. తోటలో చెట్ల మధ్య, వెలుతురు వచ్చేలా పెద్ద అద్దాలతో ఒక పనిగది కట్టారు. ఒకప్పుడు సైకిలు తొక్కిన మనిషి ఇప్పుడు ఈ గదికి వెళ్లే తీరు వేరు: కుర్చీకి రెండు పక్కలా కర్రలు కట్టి, పల్లకీ మోసినట్టు ఇద్దరు మోసుకెళ్లేవాళ్లు.

అక్కడ రోజు ఇలా మొదలయ్యేది. గోళ్లు అరచేతిలో గుచ్చుకుని చర్మం తెగకుండా చేతులకు మెత్తటి గుడ్డ పట్టీలు చుట్టేవాళ్లు. కుంచెను చేతికి కట్టేవాళ్లని చాలా పుస్తకాల్లో రాస్తారు. అది నిజం కాదు. పట్టీ చర్మం కోసం. కుంచెను ఎవరో ఒకరు వంగిపోయిన వేళ్ల మధ్య పెడితే, ఆయనే పట్టుకునేవాడు. రంగుల పలక ఒళ్లో, ఈజిల్‌కు ఆనుకుని ఉండేది. భుజం పైకి లేవదు కదా, మరి పెద్ద బొమ్మ పైభాగం ఎలా వేయాలి? కాన్వాసును రెండు దొర్లే కర్రలకు చుట్టారు, పిడి తిప్పితే పైకీ కిందికీ జరిగేలా. మగ్గం మీద నేసిన బట్ట దోనెకు చుట్టుకుంటుంది చూశారూ, అలాగ. చెయ్యి పైకి వెళ్లలేకపోతే బొమ్మే కిందికి వచ్చేది.

1915లో సాషా గిత్రి అనే ఆయన ఈ దృశ్యాన్ని సినిమా కెమెరాతో తీశాడు. కొద్ది సేపే ఉంటుంది, నలుపు తెలుపు. గడ్డం ముసలాయన, నోట్లో సిగరెట్టు, ముడుచుకుపోయిన చెయ్యి. పక్కన పద్నాలుగేళ్ల క్లోద్ సాయం చేస్తూ ఉంటాడు. ఆ చెయ్యి కాన్వాసు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎంత వేగంగా వెళ్తుందో చూస్తే నాకు మొదటిసారి నమ్మకం కలగలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

జాఁ తన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. చక్రాల కుర్చీకి వచ్చిన తొలి రోజుల్లో ఒక డాక్టరు నేను నడిపిస్తానన్నాడు. మంచి తిండి, కసరత్తులు పెట్టి కొన్ని వారాల తర్వాత నిజంగానే కుర్చీలోంచి లేపి నిలబెట్టాడు. రెన్వార్ ఈజిల్ చుట్టూ నాలుగడుగులు వేసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లోవాళ్లంతా ఆనందంతో చూస్తున్నారు. ఆయన డాక్టరుకు దండం పెట్టి, ఇక చాలన్నాడు. నడవడానికే తన శక్తంతా అయిపోతోందని, బొమ్మకు ఏమీ మిగలడం లేదని. కాళ్లా, బొమ్మా అని అడిగితే బొమ్మే అని చెప్పి, ఆ తర్వాత ఎప్పుడూ లేచి నిలబడలేదు. నేనైతే నడకే కోరుకునేవాణ్ణి. ఏ క్లాసులో చెప్పినా సగం మంది నా వైపు, సగం మంది ఆయన వైపు ఉంటారు.

ఆయన ఒంటరిగా నెగ్గుకొచ్చాడని మాత్రం అనుకోకండి. పల్లకీ మోసినవాళ్లున్నారు, కుంచె అందించినవాళ్లున్నారు. ఆలీన్ చుట్టం గాబ్రియెల్ పదహారేళ్ల వయసులో జాఁను ఎత్తుకోవడానికి వచ్చి, ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో ఉంది. ఎన్నో చిత్రాల్లో కనిపించేది ఆమే. 1913 నుంచి గినో అనే యువ శిల్పి వచ్చి, రెన్వార్ మాటతో, సైగలతో చెప్తుంటే మట్టిలో బొమ్మలు చేశాడు. అవి రెన్వార్ శిల్పాలుగానే అమ్ముడుపోయాయి. గినో కోర్టుకెళ్లాడు. ఆ శిల్పాలు ఇద్దరివీ అని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది 1973లో, గినో చనిపోయిన ఏడాదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో పియెర్‌కు చేతికి, జాఁకు కాలికి తూటా గాయాలయ్యాయి. 1915లో జాఁను ఆసుపత్రిలో చూసి వచ్చిన ఆలీన్, కొద్ది వారాలకే కన్నుమూసింది. కాలు కుంటుతూ ఇంటికొచ్చిన కొడుకూ, కుర్చీలో ఉన్న తండ్రీ ఎదురెదురుగా కూర్చుని పాత రోజుల కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ కబుర్లే తర్వాత జాఁ పుస్తకమయ్యాయి.

1919లో రెన్వార్‌ను పారిస్ తీసుకెళ్లారు. లూవ్ర్ మ్యూజియంలో ఆయన చిత్రం ఒకటి పెట్టారు. చిన్నప్పుడు ఆ పక్క సందుల్లో ఆడుకున్న దర్జీ కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి గది గదికీ తిప్పారు. ఆ ఏడాది డిసెంబరు 3న లె కొలెత్‌లో చనిపోయాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. తర్వాత ఆయనను సైకిలు జారిన ఆ ఎస్వాలోనే, భార్య ఉన్న శ్మశానంలో ఉంచారు.

జాఁ సినిమా దర్శకుడయ్యాడు. 1949లో కలకత్తా వచ్చి, బారక్‌పూర్ దగ్గర గంగ ఒడ్డున 'ది రివర్' అనే సినిమా తీశాడు. మీలో కొందరి నాన్నల పోస్టింగు ఆ బారక్‌పూర్‌లో అయి ఉంటుంది. చోట్లు వెతకడంలో ఆయనతో తిరిగిన యువకుడు సత్యజిత్ రాయ్, అప్పటికింకా ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. భారతదేశంలో తీసిన తొలి టెక్నికలర్ సినిమాగా దాన్ని చెప్తారు. ఆ రంగుల్ని కెమెరాతో పట్టిన మనిషి పేరు కూడా క్లోద్ రెన్వారే. ఎర్ర దుస్తుల క్లోద్ కాదు, పియెర్ కొడుకు. అంటే చిత్రకారుడి మనవడు.