ఈ నెల స్ఫూర్తి: సంతకం వెనక ఉన్న మనిషి – సీకే నాయుడు

మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లే మన తల్లిదండ్రులకు సికింద్రాబాద్ జింఖానా మైదానం తెలియనిది కాదు. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలకు దేశంలోని పేరున్న ఆటగాళ్లు అక్కడికే వచ్చేవారు. ఆటగాళ్ల సంతకాలున్న బ్యాట్లు, బంతులు, ఫొటోలు దాచుకోవాలనే సరదా ఈ రోజుల్లో మన పిల్లల్లో చాలామందికి ఉంది. కొని ఇవ్వమని అడిగే పిల్లలూ ఉన్నారు. అలాంటి పిల్లలకు ముందుగా చెప్పవలసిన జీవితం కొఠారి కనకయ్య నాయుడుది.

వెండి బ్యాటు కథ

మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు సీకే. చదువూ, ఆటా అక్కడే మొదలయ్యాయి. 1916లో హిందూ జట్టు తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు.

పదేళ్లు కష్టపడ్డాక ఆయన పేరు దేశమంతా తెలిసింది. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుపై 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ప్రత్యర్థి జట్టే మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించింది. మన దేశ క్రికెట్ జ్ఞాపికల్లో అంత గొప్పవి కొన్నే ఉంటాయి. అది డబ్బిచ్చి కొన్నది కాదు, అడిగి తీసుకున్నదీ కాదు. ఎదుటివాడు మనస్ఫూర్తిగా ఇచ్చినది.

తొలి కెప్టెన్

1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తన మొట్టమొదటి టెస్టు ఆడింది. పర్యటనకు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజా తప్పుకొని, మైదానంలో జట్టును సీకేకు అప్పగించారు. చేతికి గాయమైనా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి, జట్టులో అత్యధిక స్కోరు ఆయనే సాధించారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయనను ఆ సంవత్సరపు అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది. ఆ పర్యటనలో జట్టు సభ్యులు సంతకాలు చేసిన కాగితాలను సేకర్తలు నేటికీ వెతుక్కుంటారు.

1936లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కెప్టెన్సీ ఆయనది కాదు, విజయనగరం మహారాజకుమార్‌ది. తనకన్నా ఎంతో తక్కువ ఆట తెలిసినవారి కింద ఆడవలసి వచ్చింది. అలిగి ఇంట్లో కూర్చోలేదు. ఓవల్‌లో తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో బంతి పక్కటెముకలకు బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. ఆడినవి 7 టెస్టులే.

తనతో పాటు మరొకరు

ఇండోర్ హోల్కర్ సంస్థానంలో స్థిరపడ్డ సీకే, కుర్రాళ్లను వెతికి పట్టుకొని తీర్చిదిద్దేవారు. ముస్తాక్ అలీని చిన్న వయసులోనే గుర్తించి, మన హైదరాబాద్‌కు టోర్నమెంటు ఆడించడానికి తీసుకొచ్చింది ఆయనే. ఆ కుర్రాడే 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డపై టెస్టు సెంచరీ కొట్టిన తొలి భారతీయుడయ్యాడు. సీకే నడిపిన హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిచింది. యాభై దాటాక కూడా ఆయన రంజీలో డబుల్ సెంచరీ చేశారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాదే రంజీలోకి వచ్చిన ఆంధ్ర జట్టుకు 58 ఏళ్ల సీకే నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ అందింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడేనాటికి ఆయనకు 61 ఏళ్లు నిండాయి. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఆ రోజుతో ఆయన సంతకాలూ ఆగిపోయాయి. ఇక దొరికేవి పాతవే. అందులోనూ ఏది అసలుదో, ఏది నకిలీదో తేల్చుకోవడం నిపుణులకూ కష్టమే.

తల్లిదండ్రులకు ఒక మాట

ఖరీదైన సంతకాల బ్యాటు కొనేముందు ఒక సంగతి ఆలోచించండి. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం మన సికింద్రాబాదే. రైల్వేలోనూ, ఇతర సంస్థల్లోనూ ఆడి విశ్రాంతి తీసుకుంటున్న క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ క్రీడాకారులు జంటనగరాల్లో ఎందరో ఉన్నారు. వారిలో ఎంతోమంది దగ్గరికి ఇప్పుడు ఎవరూ వెళ్లి అడగరు.

• ముందుగా అనుమతి తీసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. ఆయన లేదా ఆమె ఏ ఏడాది, ఏ జట్టుకు ఆడారో పిల్లలు ముందే తెలుసుకొని రావాలి.
• సంతకం కన్నా ముందు ఒక ప్రశ్న అడగనివ్వండి. జవాబును నోటుపుస్తకంలో రాయించండి.
• సంతకం తీసుకున్న తేదీ, చోటు కాగితం వెనక పెన్సిల్‌తో రాయించండి. లామినేషన్ చేయించవద్దు. ఎండ తగలనిచోట దాచండి, లేకపోతే సిరా వెలిసిపోతుంది.

కొన్న సంతకానికి ధర ఉంటుంది. అడిగి తెచ్చుకున్న సంతకానికి కథ ఉంటుంది. వినిపించే పెద్దలు మన మధ్య ఉండగానే మన పిల్లలు ఆ కథ వినాలి.